పేరు పెట్టాక పద్దు చూడాలి

1940ల చివర్లో నెల్లూరు వీధుల్లో ఒక మనిషి మెడలో అట్టలు వేలాడదీసుకుని తిరుగుతుండేవారు. కాళ్ళకు చెప్పులు లేవు, నెత్తిన గొడుగు లేదు. నెల్లూరు ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ అట్టల మీద అంటరానితనం పోవాలన్న రాతలు ఉండేవి. చూసినవాళ్ళలో చాలామంది ఆయనకు మతిపోయిందనుకున్నారు. సొంత కులంవాళ్ళు మొహం చాటేశారు. అంతకుముందు 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని నిరాహారదీక్షకు కూర్చున్నది కూడా ఆయనే. పేరు పొట్టి శ్రీరాములు.

మనకు తెలిసిన శ్రీరాములు గారు వేరు. 1952 అక్టోబరు 19న మద్రాసులో మొదలై డిసెంబరు 15 రాత్రి ప్రాణంతో ముగిసిన 58 రోజుల దీక్ష, ఆ వెనకే 1953 అక్టోబరు 1న వచ్చిన ఆంధ్ర రాష్ట్రం. పాఠ్యపుస్తకంలో ఉండేది ఇదే, వర్ధంతి ఉపన్యాసాల్లో వినపడేదీ ఇదే. 2008లో నెల్లూరు జిల్లాకు ఆయన పేరు పెట్టినప్పుడు చెప్పుకున్నదీ ఇదే. ఈ త్యాగం చిన్నదని ఎవరూ అనలేరు. కాకపోతే దానికి ముందు ఏళ్ళ తరబడి ఆయన ఎండలో తిరిగిన పని మన జ్ఞాపకంలోంచి ఎలా జారిపోయిందన్నది నన్ను చాలాకాలంగా కలవరపెడుతున్న సంగతి.

ఆలోచించగా నాకు తోచిన కారణం ఇది. రాష్ట్రం కావాలన్న కోరిక తీరిపోయింది. దాన్ని ఎంత ఘనంగా తలుచుకున్నా ఈ రోజు ఎవరి చేతిలోంచీ ఏమీ పోదు. అంటరానితనం పోవాలన్న కోరిక మాత్రం తీరని బాకీ. దాన్ని తలుచుకుంటే చెల్లించాలి. గుడి తలుపు తీయించాలి, శ్మశానానికి దారి ఇప్పించాలి, కేసు కట్టాలి, కట్టిన కేసు నిలబడేలా చూడాలి, ఓట్లు పోగొట్టుకోవడానికి సిద్ధపడాలి. అందుకే ఏ పార్టీ ప్రభుత్వమైనా మహనీయుల జీవితాల్లో తీరిపోయిన భాగాన్ని ఏరుకుని దండలు వేస్తుంది, తీరని భాగాన్ని పక్కన పెడుతుంది. ఒక నాయకుడి ఆశయాన్ని ప్రభుత్వం గౌరవిస్తోందా లేదా తేల్చుకోవాలంటే నేను ఒక్కటే చూస్తాను. ఆ ఆశయం కోసం ప్రభుత్వం తన చేతులను తాను ఎక్కడైనా కట్టేసుకుందా? డబ్బో, అధికారమో, వీలో ఏదైనా వదులుకుందా?

చేతులు కట్టుకునే ఏర్పాట్లు మన దగ్గర లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంటరానితనం తీరుతెన్నులను పరిశీలించిన జస్టిస్ పున్నయ్య ఏకసభ్య కమిషన్ నివేదిక తర్వాత ప్రతి నెలా 30న ఏదో ఒక ఊళ్ళో పౌరహక్కుల దినం జరపాలన్న పద్ధతి వచ్చింది. తహసీల్దారు, ఎస్సై ఊళ్ళోకి వెళ్ళాలి, వివక్ష ఎక్కడుందో అడగాలి, చట్టం ఏం చెబుతుందో వివరించాలి. ఆఫీసుకు రాలేని మనిషి దగ్గరికి ఆఫీసే వెళ్ళాలన్నది ఇందులోని ఆలోచన. శ్రీరాములు గారు మెడలో వేసుకుని తిరిగిన అట్టకు ఇంతకంటే దగ్గరగా వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు నాకు కనపడలేదు.

అలాంటి సమావేశం ఒకటి దగ్గర నుంచి చూశాను. ఎస్సీ కాలనీ మొదట్లో షామియానా వేశారు. అధికారులకు ప్లాస్టిక్ కుర్చీలు. ఆ కుర్చీల వరసలోనే ఊరి పెద్దలు కూర్చున్నారు, అంటే కాలనీవాళ్ళు ఎవరి చేలల్లో కూలికి వెళతారో వాళ్ళే. కాలనీ జనం ఎదురుగా పట్టాల మీద కూర్చున్నారు. అధికారి మైకు తీసుకుని, "మీ ఊళ్ళో రెండు గ్లాసుల పద్ధతి ఉందా? గుడిలోకి రానివ్వట్లేదా? ఉంటే ధైర్యంగా చెప్పండి" అన్నారు. వెనక వరసలోంచి ఒకరిద్దరు "లేదండి, అందరం కలిసే ఉంటున్నామండి" అన్నారు. రిజిస్టరులో సంతకాలు, ఫోటోలు, టీ. అంతా అరగంటలో అయిపోయింది. జనం లేచి వెళుతుంటే ఒక పెద్దావిడ నా పక్కన నిలబడి మెల్లగా అంది: "వాళ్ళ ముందల కూకోబెట్టి అడిగితే ఏం చెప్తాం బాబూ? రేపు పొద్దున కూలికి పోవద్దా?" వాళ్ళ శ్మశానానికి వెళ్ళే దారి చేలల్లో కలిసిపోయిందని, వానాకాలంలో శవాన్ని మోకాలి లోతు బురదలో మోసుకుపోతున్నామని కూడా చెప్పింది. రిజిస్టరులో ఆ మాట ఎక్కలేదు.

ఆ అధికారి చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. ఉత్తర్వులో రాసిందంతా చేశాడు. లోపం అడిగే పద్ధతిలో ఉంది. ఎవరు అడగాలి, ఎక్కడ అడగాలి, అడిగేటప్పుడు పక్కన ఎవరు ఉండకూడదు, చెప్పిన మాట ఎవరికి చేరాలి, ఎన్నాళ్ళలో జవాబు రావాలి అన్నవాటి మీద ఆశయం బతకడమో చావడమో ఆధారపడి ఉంటుంది. ఇల్లిల్లూ తిరిగి విడివిడిగా అడగవచ్చు. మహిళా అధికారిని పంపవచ్చు. పోయిన సమావేశంలో వచ్చిన ఫిర్యాదు ఏమైందో చెప్పిన తర్వాతే కొత్త సమావేశం మొదలుపెట్టవచ్చు. కోట్లు ఖర్చయ్యే పనులు కావివి. కానీ ఇలా మార్చిన మరుక్షణం రిజిస్టరులో "లేదు" అన్నచోట "ఉంది" అన్న మాట పడుతుంది, ఆపైన ప్రభుత్వం ఏదో ఒకటి చెయ్యక తప్పదు. అసలు చిక్కు అక్కడే.

అంబేడ్కర్ గారి విషయానికి వస్తాను. హైదరాబాదులో 2023 ఏప్రిల్ 14న ఆయన 125 అడుగుల విగ్రహాన్ని ఆవిష్కరించారు. కొత్త సచివాలయానికీ ఆయన పేరే పెట్టారు. విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న 81 అడుగుల పీఠం మీద మరో 125 అడుగుల విగ్రహం లేచింది. విగ్రహాలు దండగ అనే మాట నేను అనను. దళితవాడ మొగలో నీలం కోటు వేసుకుని చేతిలో పుస్తకంతో నిలబడ్డ అంబేడ్కర్ ఆ వాడవాళ్ళకు ఏమిటో తెలిసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. పేరు పెట్టడం కూడా ఒక్కోసారి ఖరీదైన పనే. 2022లో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు కలుపుతామన్నందుకు మే 24న అమలాపురంలో మంత్రి ఇంటికి, ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టారు. ఒక జిల్లా పేరులో ఆయన పేరు ఉండటాన్ని ఓర్చుకోలేని సమాజంలో ఆ పేరు నిలబెట్టడమూ ఒక విధానమే. ప్రభుత్వం అక్కడ వెనక్కి తగ్గకపోవడం సరైన పని.

కానీ పేరు పెట్టాక పద్దు చూడాలి. అంబేడ్కర్ ఆలోచనకు బడ్జెట్ భాషలో ఒక రూపం ఉంది. అది 1970ల చివరి నుంచి స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్‌గా, తర్వాత ఎస్సీ ఉపప్రణాళికగా నడిచింది. దానికి రూపకల్పన చేసినవారిలో ముఖ్యులు పి.ఎస్. కృష్ణన్, మన రాష్ట్ర కేడరు ఐఏఎస్ అధికారి. సూత్రం సూటిగా ఉంటుంది. ప్రణాళికా వ్యయంలో జనాభా నిష్పత్తి ప్రకారం ఎస్సీల వాటా పక్కన పెట్టాలి, ఆ డబ్బు వాళ్ళకే చేరాలి. ఏళ్ళ తరబడి కాగితాల మీద వాటా చూపించి అసలు డబ్బును ఇతర పనులకు మళ్ళిస్తుంటే దళిత సంఘాలు ఊరూరా తిరిగి ఉద్యమం చేశాయి. దాని ఫలితంగా 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వచ్చింది. దేశంలో ఇలాంటి చట్టం అదే మొదటిది. విగ్రహం కంటే ఎక్కువగా నేను గర్వపడేది దాని గురించే.

ఈ చట్టం లోపల ఏముందో కాస్త నిదానంగా చూడాలి. దళిత కుటుంబానికో, దళితవాడకో నేరుగా చేరే పథకమైతే ఖర్చు మొత్తం ఉపప్రణాళిక కింద రాయొచ్చు. అందరికీ వర్తించే పథకమైతే అందులో లబ్ధి పొందిన ఎస్సీల మేరకు రాయొచ్చు. విడదీయలేని పెద్ద నిర్మాణాలైతే ప్రభుత్వం నిర్ణయించిన కొంత భాగాన్ని ఎస్సీల కోసం ఖర్చుపెట్టినట్టు భావించి రాయొచ్చు. ఈ మూడో దారినే ఆఫీసుల్లో నోషనల్ అంటారు. ఒక వంతెన కడితే దాని మీద ఎస్సీలు కూడా నడుస్తారు కాబట్టి ఖర్చులో కొంత వాళ్ళ పద్దు. రెండో దారీ అంత నేరుగా పోదు. రాష్ట్రంలో అందరికీ ఇచ్చే వృద్ధాప్య పింఛనులో, అందరికీ వేసే నగదులో ఎస్సీ లబ్ధిదారుల వంతు లెక్కగట్టి ఉపప్రణాళికలో చూపిస్తే పుస్తకంలో లెక్క సరిపోతుంది, వాడలో మాత్రం కొత్తగా ఏమీ రాదు. ఆ పింఛను ఎస్సీ ముసలమ్మకు పౌరురాలిగా ఎటూ రావలసిందే. తరతరాలుగా వెనకబడ్డందుకు అదనంగా రావలసింది ఎక్కడ? భూమి కొనిచ్చే పథకం, విదేశీ చదువుకు సాయం, వాడకు డ్రైనేజీ, గురుకులానికి పక్కా భవనం లాంటివే ఉపప్రణాళిక అసలు పనులు.

తెలంగాణ 2017లో దీని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చింది. ఖర్చుకాని డబ్బును మరుసటి ఏడాదికి కలపాలని అందులో రాసుకున్నారు. మంచి మాట. పాత చట్టంలో మార్చి 31 దాటితే మిగిలింది ఆవిరయ్యేది. ఆంధ్రప్రదేశ్ తన చట్టం గడువు ముగిసే ముందు 2023లో మరో పదేళ్ళు పొడిగించింది. అదీ మంచిదే. రెండు చోట్లా చట్టం బతికే ఉంది, విగ్రహమూ ఉంది. మిగిలిందల్లా నోషనల్ అన్న కిటికీ ఎంత వెడల్పుగా తెరిచి ఉంచారన్న ప్రశ్న. దాన్ని మూయడానికి ఏ ప్రభుత్వమూ ముందుకు రాదు, ఎందుకంటే మూస్తే ఆ మేరకు తన జనాకర్షక పథకాలకు డబ్బు తగ్గుతుంది. చేతులు కట్టుకోవడమంటే అదే. అంబేడ్కర్ మీద గౌరవం ఉందని చెప్పే ఏ ముఖ్యమంత్రినైనా నేను అడగదలచుకున్నది ఒక్కటే. నోషనల్ కింద రాసే మొత్తానికి చట్టంలోనే ఒక హద్దు పెడతారా?

ఆశయం పద్దుగా మారడం సాధ్యమేనని చూపే సంగతి ఒకటి హైదరాబాదులోనే ఉంది. గాంధీగారు 1901లో కలకత్తా కాంగ్రెసుకు వెళ్ళినప్పుడు మరుగుదొడ్ల కంపు చూసి చీపురు తానే పట్టుకున్నారు. ఆయన కళ్ళజోడును గుర్తుగా పెట్టుకుని 2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ మొదలైంది. లక్షల మరుగుదొడ్లు లేచాయి, ఆడవాళ్ళకు అది నిజమైన మేలు. కానీ కట్టిన దొడ్డి గుంత నిండితే దిగేది ఎవరు? మనుషులను అలా దించడాన్ని 2013లోనే వచ్చిన వేరే చట్టం, పాకీపని నిషేధ చట్టం, నిషేధించింది. 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన వాళ్ళ కుటుంబాలకు 10 లక్షల చొప్పున ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెంచాల్సి వచ్చిందంటేనే చావులు ఆగలేదని అర్థం. ఈ చావుల్లో కులం ఎంత ఉందో విడమరిచి చెప్పనక్కర్లేదు.

హైదరాబాదు జలమండలి 2017లో చేసిన పని నాకు అందుకే ఇష్టం. మురుగు కాలువలు శుభ్రం చేసే పెద్ద యంత్రాలు పాతబస్తీ సందుల్లోకి పోవు. అందుకని సందుల్లో పట్టే చిన్న జెట్టింగు యంత్రాలు 70 తయారు చేయించారు. వాటిని కాంట్రాక్టరుకు అప్పగించకుండా దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి, ఆ పనితో సంబంధమున్న కుటుంబాలవాళ్ళే యజమానులయ్యేలా బ్యాంకు రుణాలు ఇప్పించారు, పనికి ఒప్పందం రాసిచ్చారు. గాంధీ కోరుకున్న శుభ్రత, అంబేడ్కర్ కోరుకున్న విముక్తి రెండూ ఒక టెండరు కాగితంలోకి వచ్చాయి. సందు వెడల్పు కొలిచినవాళ్ళు, రుణం షరతు రాసినవాళ్ళు జయంతి సభల్లో కనపడరు. మహనీయులకు నివాళి అర్పించింది వాళ్ళేనని నా నమ్మకం. ఇలాంటి యంత్రాలు చిన్న మునిసిపాలిటీలకు, మేజరు పంచాయతీలకు చేరనంతవరకు పని సగంలోనే ఉన్నట్టు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. మహనీయులందరూ ఒకే మాట చెప్పలేదు కదా, మరి ఎవరి ఆశయం పాటించాలి? గాంధీ దృష్టిలో ఊరే దేశానికి పునాది. అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఆ ఊరినే అజ్ఞానానికీ సంకుచితత్వానికీ నెలవని తిట్టిపోశారు. ఊరి చివర బతికినవాళ్ళ అనుభవం అది. గాంధేయులు నొచ్చుకున్నారు. అదే నెల 22న కె. సంతానం సవరణతో పంచాయతీల అధికరణం ఇప్పటి 40వ అధికరణంగా రాజ్యాంగంలోకి వచ్చింది. ఆ రోజు దాన్ని ఆహ్వానిస్తూ మాట్లాడినవాళ్ళలో మన టంగుటూరి ప్రకాశం పంతులు గారు ఉన్నారు. 1946లో మద్రాసు ప్రధానిగా (ముఖ్యమంత్రిని అప్పట్లో అలా పిలిచేవారు) ఉండి ఫిర్కాల, అంటే కొన్ని ఊళ్ళ సముదాయాల, అభివృద్ధి పథకం మొదలుపెట్టింది ఆయనే. అంబేడ్కర్ గారు ఆ సవరణను అడ్డుకోలేదు.

ఈ పేచీకి దేశం చెప్పిన జవాబు 1992లో వచ్చిన 73వ సవరణ. పంచాయతీకి రాజ్యాంగబద్ధమైన బతుకు ఇచ్చింది, అక్కడే ఎస్సీ, ఎస్టీలకు జనాభా ప్రకారం, ఆడవాళ్ళకు కనీసం మూడో వంతు సీట్లు కేటాయించింది. గాంధీ చెప్పిన ఊరికి అధికారం ఇస్తూనే, అంబేడ్కర్ భయపడిన ఊరి పెత్తందారుకు ముకుతాడు వేసింది. ఇద్దరినీ ఒకేసారి గౌరవించడం ఎలాగో ఆ సవరణ చదివితే తెలుస్తుంది. పాతవాళ్ళ మాటలు ఒకదానితో ఒకటి పొసగవని నిట్టూర్చేవాళ్ళు దాన్ని ఒకసారి చదవాలి. గాంధీ తన రాతల్లో తేడా కనిపిస్తే తర్వాత రాసినదాన్నే తీసుకోమని 1933లో చెప్పారు. తన మాటను రాతి మీద చెక్కమని ఆయన ఎన్నడూ అడగలేదు.

మరి మన రెండు రాష్ట్రాలు ఆ సవరణను ఏం చేశాయో చూడండి. ఐదేళ్ళ పదవీకాలం ముగియకముందే ఎన్నికలు జరపాలని 243ఈ అధికరణం చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో సర్పంచుల గడువు ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. మధ్యలో ప్రభుత్వమే మారింది, రెండు పార్టీలకూ ఇందులో వంతు ఉంది. తెలంగాణలో 2024 జనవరి చివరితో గడువు తీరితే 2025 డిసెంబరులో గానీ ఎన్నికలు కాలేదు. ఆలస్యానికి కారణంగా చెప్పిన బీసీ రిజర్వేషన్ల పేచీ అసలైనదే, నేను కాదనను. కానీ ఆ పేచీ గడువుకు ముందు తేల్చుకోవలసింది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు కూడా ఆగిపోతాయి. వీధి దీపం మార్చడానికీ, చెత్త ట్రాక్టరులో డీజిలు పోయించడానికీ పంచాయతీ కార్యదర్శి సొంత జేబు తడుముకోవాల్సి వస్తుంది.

ఎన్నికైనవాళ్ళు ఉన్నప్పుడైనా ఊరి పెత్తనం ఊరిదైందా? ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం హయాంలో 2014 అక్టోబరు 2న జన్మభూమి మా ఊరు మొదలుపెట్టి, లబ్ధిదారులను ఎంచే పని జన్మభూమి కమిటీల చేతిలో పెట్టారు. వైసీపీ హయాంలో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ప్రారంభించారు. వాటికి వాలంటీర్లను జతచేశారు. సర్పంచికి తెలియకుండానే ఊళ్ళో ప్రభుత్వం నడిచింది. పంచాయతీ ఖాతాలోని ఆర్థిక సంఘం డబ్బు కరెంటు బకాయిల కింద వెళ్ళిపోయిందని సర్పంచులు రోడ్డెక్కారు. పార్టీలు వేరైనా ముహూర్తం మాత్రం ఇద్దరికీ గాంధీ జయంతే. ఇంటి దగ్గరికి సేవలు రావడం వల్ల జనానికి సుఖం కలిగింది, దాన్ని నేను తక్కువ చేయను. అయితే సేవ అందుకోవడం వేరు, నిర్ణయం తీసుకోవడం వేరు. గాంధీ మాట్లాడింది రెండోదాని గురించి. కేరళ 1996లో జనప్రణాళిక మొదలుపెట్టి రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు కేటాయించింది. అక్కడ మంత్రుల చేతుల్లోంచి డబ్బు నిజంగానే జారింది.

తెలంగాణలో నాకు ఇంకా గుచ్చుకునే సంగతి ఒకటుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచితో పాటు ఉపసర్పంచి సంతకం తప్పనిసరి చేసింది. దుర్వినియోగం ఆపడానికన్నారు. ఊళ్ళో అదెలా పనిచేస్తుందో ఆలోచించండి. ఎస్సీ మహిళకు రిజర్వు అయిన పంచాయతీలో ఆమె సర్పంచి. ఉపసర్పంచి వార్డు సభ్యుల మధ్య ఎన్నికవుతాడు, చాలాచోట్ల అది భూమి ఉన్న కులంవాడే అవుతాడు. కూలి మనిషి సర్పంచై మోటారు బాగు చేయించాలంటే తాను పనిచేసే చేను యజమాని ఇంటి అరుగు దగ్గర చెక్కు బుక్కు పట్టుకుని నిలబడాలి. 73వ సవరణ ఎంతో ఆలోచించి కట్టిన ముడిని ఒక్క సెక్షన్ విప్పేసింది. దానికి తోడు వైకుంఠధామం, డంపింగు యార్డు, పల్లె ప్రకృతి వనం గడువులోగా కట్టి తీరాలని పైనుంచి ఒత్తిడి. వడ్డీకి తెచ్చి కట్టినవాళ్ళు బిల్లుల కోసం ఏళ్ళకేళ్ళు తిరిగారు. వాళ్ళలో మెడలో పుస్తె తాకట్టుపెట్టిన ఆడవాళ్ళున్నారు.

ప్రకాశం గారి గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ఆయన ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. మద్యనిషేధం ఎత్తేయాలన్న రామమూర్తి కమిటీ సిఫారసులను అమలు చేయనందుకు వచ్చిన తగవు అది. నిషేధం పనిచేస్తుందా అన్నదాని మీద నాకు సందేహాలున్నాయి. 1995లో మళ్ళీ తెచ్చి 1997లో ఎత్తేసిన అనుభవం కళ్ళ ముందుంది. నా బాధ అది కాదు. మద్యనిషేధానికి ప్రయత్నించాలని చెప్పే 47వ అధికరణం రాజ్యాంగంలో అలాగే ఉంది, మన రెండు రాష్ట్రాల బడ్జెట్లూ మద్యం రాబడి మీద అలాగే ఆనుకుని ఉన్నాయి, ఏ ప్రభుత్వమూ సభలో నిలబడి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడదు. ఏడాదికి ఎంత మేర ఈ ఆధారం తగ్గించుకుంటామో ఒక కాగితం మీద రాసి చూపితే చాలు, నిషేధం తేకపోయినా పంతులుగారి మాట విన్నట్టే లెక్క.

ఈ పట్టింపు దేనికని అడిగేవాళ్ళుంటారు. కాలం మారింది, ఎవరో ఎప్పుడో అన్న మాటలకు ఇప్పటి ప్రభుత్వాలు కట్టుబడనక్కర్లేదు అంటారు. ఒప్పుకుంటాను, కానీ ఒక షరతు మీద. అలాంటప్పుడు వాళ్ళ పేర్లు కూడా వాడుకోకూడదు. పేరు వాడుకుని ఓటు అడిగినప్పుడు ఆ పేరుతో వచ్చే బాధ్యత కూడా నెత్తిన పడుతుంది. 1949 నవంబరు 25న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో హెచ్చరించింది దీని గురించే. రాజకీయాల్లో భక్తి పతనానికీ, చివరికి నియంతృత్వానికీ దారి అన్నారు. అదే ప్రసంగంలో, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని కూడా చెప్పారు. మన జయంతి సభలు మొదటి హెచ్చరికను పెడచెవిన పెట్టి, రెండోదాన్ని తలుచుకోకుండానే ముగుస్తున్నాయి.

జయంతులను, వర్ధంతులను మానేయమని నేను అడగడం లేదు. ఆ రోజుల్లో ఒక పని చేర్చమంటున్నాను. ఏప్రిల్ 14న ఉపప్రణాళికలో పోయిన ఏడాది ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది, అందులో నోషనల్ ఎంత అన్నది జిల్లాల వారీగా బయటపెట్టాలి. అక్టోబరు 2న రాష్ట్రం నుంచి పంచాయతీలకు రావలసినదెంత, వచ్చిందెంత, పంచాయతీలకు అప్పగించదగినవిగా రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో రాసిన 29 అంశాల్లో ఎన్నింటిని మనుషులతో, డబ్బుతో సహా బదిలీ చేశారన్నది చెప్పాలి. రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని ఐదేళ్ళకోసారి వేయాలన్న రాజ్యాంగ నియమం ఎప్పుడు పాటించారు, దాని సిఫారసుల్లో ఏవి ఒప్పుకున్నారన్నదీ అందులో ఉండాలి. డిసెంబరు 15న పౌరహక్కుల దినాల రిజిస్టర్లలో ఎన్ని ఫిర్యాదులు రాశారు, ఎన్నింటికి పరిష్కారం దొరికిందో ప్రకటించాలి. ఈ లెక్కలన్నీ ఇప్పటికే ఏదో ఒక ఆఫీసులో ఉన్నాయి. కొత్తగా తయారు చేయాల్సిన పని లేదు.

ప్రభుత్వం తనంతట తాను ఇవి చెబుతుందని నేను ఎదురుచూడటం లేదు. మన చేతిలో ఉన్నదీ కొంత ఉంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్లో మీ జిల్లా, మండలం, పంచాయతీ పేరు ఎంచుకుంటే ఆర్థిక సంఘం డబ్బుతో ఏ పని మంజూరైంది, ఎంత చెల్లించారన్నది ఫోనులోనే కనపడుతుంది. ఆ పేజీ తీసుకుని గ్రామసభకు వెళ్ళండి. రాసిన పని ఊళ్ళో ఉందా అని అడగండి, ఎస్సీ కాలనీలో ఏది చేశారో విడిగా అడగండి. అడిగిన ప్రశ్నను కార్యదర్శి తీర్మానాల పుస్తకంలో రాసేదాకా కూర్చోండి. వారం తర్వాత ఆ పేజీ నకలు కావాలని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.